పాటకు కూడు పెట్టినవారు

పాఠశాల వార్షికోత్సవమునాడు ప్రార్థనాగీతము పాడుటకు ఒక పిల్లవాడు కావలెను. ప్రతి పాఠశాలలోను అట్టి పిల్లవాడొకడు ఉండనే ఉండును. ప్రధానోపాధ్యాయులు మొదలు బంట్రోతు వరకు వాని పేరు అందరికీ తెలియును. నాటకములో నారదుడు వాడే. హరిశ్చంద్రుని కొడుకు లోహితాస్యుడు కూడ వాడే. ఆ సాయంకాలము సభకు వచ్చిన పెద్దలు వాని వీపు తట్టి, "గొప్పవాడివవుతావురా" అని దీవించి వెళ్ళుదురు. మరునాడు ఉదయము అదే పిల్లవానిని పిలిచి, "ఇక పాటలు కట్టిపెట్టి లెక్కలు చూచుకో" అని మందలించువారు కూడ ఆ పెద్దలే. ఇంటికి పోయిన తరువాత తండ్రి అడుగు ప్రశ్న ఇంకను సూటిగా ఉండును: "పాట కూడు పెడుతుందిరా?"

ఈ ప్రశ్నను నేను పరిహసించను. రెండెకరముల మెట్ట మీదనో, చాలీచాలని నెలజీతము మీదనో సంసారమును ఈదుకొని వచ్చు తండ్రికి ఆ ప్రశ్న అడుగు హక్కు ఉన్నది. అది కళను ద్వేషించి అడిగినది కాదు. కొడుకు మీది ప్రేమతో, రేపటి మీది భయముతో అడిగినది. అయితే దానికి ముందు అడుగవలసిన ప్రశ్న మరొకటి కలదు. మనము దానిని మరచితిమి. పాట కూడు పెట్టునా అని అడుగుటకు ముందు, ఆ పాట నేర్చుకొను కాలములో దానికి ఎవరైన కూడు పెట్టినారా అని అడుగవలెను. విత్తునాడు గింజ వేయక, కోతనాడు కుప్ప ఏదని అడుగుట వంటిదే మన ప్రశ్న.

ఈ సంగతిని గురించి మాట్లాడుటకు విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతముల కంటె తగిన చోటు తెలుగునాట మరొకటి లేదు. కళింగాంధ్రము కళలకు పుట్టినిల్లని సభలలో తరచుగా చెప్పుకొందుము. ఆ నీళ్ళలోనే సంగీతమున్నదని, ఆ గాలిలోనే నాటకమున్నదని కూడ అందుము. వినుటకు ఇది సొంపుగానే ఉండును. కాని ఇది నిజమును మరుగుపరచు మాట. నీటికి, గాలికి సంగీతము రాదు. ఎవరో ఒకరు ఒక కప్పు కట్టి, ఒక గురువును కూర్చుండబెట్టి, ఒక విద్యార్థికి పిడికెడు మెతుకులు పెట్టినప్పుడే అది వచ్చును. విజయనగరములో జరిగినది ఇదే.

1919వ సంవత్సరము ఫిబ్రవరిలో పూసపాటి విజయరామ గజపతిరాజు విజయనగరములో సంగీత కళాశాలను స్థాపించినారు. ఆస్థానోద్యోగి ఒకరి కుమారుడు అంధుడై, సంగీతాభిరుచి కలవాడైనందున, అట్టివారికొక దారి చూపవలెనను తలంపే ఈ కళాశాలకు మూలమైనదని చెప్పుదురు. మొదటి అధ్యక్షులుగా అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారిని నియమించినారు. కాళ్ళకు గజ్జెలు కట్టి, చేత చిరుతలు పట్టి, తానే పాడుచు, తానే ఆడుచు, కథలోని ప్రతి పాత్రయు తానే అయి నిలిచిన హరికథా పితామహుడు ఆయన. సంగీతము వేరు, అభినయము వేరు అను గోడ ఆయనలో లేదు. అట్టివాని చేతిలో కళాశాల పెట్టుటయే పాలకుల వివేకము.

వాయులీన విద్వాంసులు ద్వారము వేంకటస్వామినాయుడుగారి కథ ఉపాధ్యాయులు మరి మరి చదువదగినది. చూపు మందగించి ఆయనకు బడి చదువు సాగలేదు. అన్నగారి దగ్గర వాయులీనము నేర్చుకొన్నారు. ఇరువదియారేండ్ల వయసున విద్యార్థిగా చేరవలెనని ఆ కళాశాలకు వచ్చి, ఆచార్యుడుగా నియమింపబడినారు. 1936లో నారాయణదాసుగారి తరువాత అధ్యక్షులైనారు. బడి వదలుకొన్న బాలుడు కళాశాలకు అధ్యక్షుడైనాడు! బడి తప్పు పట్టిన కన్ను ఒకటి, కళాశాల గుర్తించిన చేయి ఒకటి. మన బళ్ళలో ఇట్టి చేతులెన్ని గుర్తింపబడక పోవుచున్నవో ఎవరు లెక్క పెట్టినారు?

ఆ కళాశాలను వెదకుకొని కృష్ణా జిల్లా నుండి వచ్చిన బాలుడొకడు ఉన్నాడు. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922 డిసెంబరు 4వ తేదీన పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావు ఆ బాలుడు. తండ్రి సూరయ్యగారు తరంగములు పాడువారు. కొడుకును భుజము మీద ఎక్కించుకొని పాడుచు పోగా, పసివాడు ఆ పాటకు ఆడెడివాడు. బాల భరతుడని పిలిచి ఊరివారు మురిసిపోయినారు. కొడుకు పదునొకండేండ్ల వయసున ఉండగా తండ్రి కన్నుమూసినారు. సంగీతము నేర్చుకొనుమన్నది ఆయన చివరి కోరిక. ఆ కోరిక తప్ప ఆస్తి ఏమియు మిగులలేదు. మేనమామ ఇంట పెరిగిన ఆ బాలుడు కొన్నాళ్ళకు చేతి ఉంగరము అమ్ముకొని విజయనగరము రైలెక్కినాడు.

వచ్చిన నాటికి కళాశాలకు సెలవులు. ద్వారమువారు దయతలచి కళాశాల ఆవరణలోనే ఉండుటకు అనుమతించినారు. తోటి పిల్లలు చేసిన తప్పు ఒకటి తన నెత్తిన పడి ఆ నీడయు పోయినది. గుడిలో తలదాచుకొన్నాడు. అట్టి సమయమున ఆ బాలుని తన ఇంటికి తీసుకొనిపోయినవారు కళాశాలలో గాత్రము చెప్పుచుండిన పట్రాయని సీతారామశాస్త్రిగారు. సాలూరు చినగురువుగారని ఆయనకు వాడుక. ఆయన తండ్రి నరసింహశాస్త్రిగారు సాలూరులో సంగీతము చెప్పిన పెదగురువుగారు. చినగురువుగారు ధనవంతులు కారు. తన ఇంట సంగీతము చెప్పగలరు, చోటు ఇయ్యగలరు. శిష్యునికి రెండు పూటల అన్నము పెట్టుట ఆ సంసారమునకు భారము. అందుచేత శిష్యుడు మధుకరము ఎత్తినాడు.

మధుకరమనగా ఏమో నేటి విద్యార్థులలో చాలమందికి తెలియదు. తేనెటీగ పువ్వు పువ్వునకు పోయి ఒక్కొక్క బొట్టు తెచ్చుకొన్నట్లు, విద్యార్థి భుజమున జోలె వేసుకొని ఇంటింటి ముందు నిలిచి, గృహిణి పెట్టిన వండిన అన్నమును తెచ్చుకొని తినుట మధుకరము. వారములో ఒక్కొక్క దినము ఒక్కొక్క ఇంట భోజనము కుదుర్చుకొనుట వారములు చేయుట. మన తాతల తరములో ఎందరో విద్వాంసులు ఈ రెండింటిలో ఏదో ఒక దాని వలన చదువుకొన్నవారే. చదువుకొను పిల్లవాడు గుమ్మములో నిలిచినప్పుడు పిడికెడు అన్నము పెట్టుట దానము కాదు, ధర్మమని నాటి గృహస్థుల నమ్మకము. ఆ విధముగ విజయనగరము వీధులు ఘంటసాలకు అన్నము పెట్టినవి. కళాశాల ఆయనకు చదువు చెప్పినది. గురువు ఇంటి అరుగు ఆయనకు నీడ ఇచ్చినది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకున్నను తెలుగువారికి ఆ గొంతు దక్కెడిది కాదు.

ఇచ్చట పాఠకుడొక సందేహము వెలిబుచ్చవచ్చును: "కష్టపడినందువలననే కదా ఆయన అంతవాడైనాడు? ఆకలియే గదా కళాకారుని తీర్చిదిద్దినది?" ఈ మాట మన సభలలో వినిపించుచునే ఉండును. ఇంతకు మించిన అపాయకరమైన మాట లేదని నా అభిప్రాయము. ఆకలి ఎవరినీ గాయకుని చేయదు. ఆకలి గాయకుని చేయగలిగినచో మన దేశమంతయు గాయకులే ఉండవలసినది. ఘంటసాలను నిలబెట్టినది ఆకలి కాదు. ఆ ఆకలిని తీర్చిన గుమ్మములు. మనము ఆయన కష్టమును పొగడి, ఆ గుమ్మములను మరచుచున్నాము. ఎందుకనగా కష్టమును పొగడుట సులభము. గుమ్మము తెరచుట ఖర్చుతో కూడిన పని.

అయితే ఆ గుమ్మములను కూడ తప్పు లేనివిగా చిత్రింపరాదు. ఆ జోలె అందరి భుజమునకు అందలేదు. అది కులము చూచి పెట్టిన అన్నము. తప్పెటగుళ్ళు మోగించి రాత్రి తెల్లవార్లు పాడుచు ఆడు గొల్లపల్లె పిల్లవాడు మధుకరము ఎత్తుటకు వీలు లేకపోయినది. జముకు వాయించి కథ చెప్పు కుటుంబములోని బాలునికి ఆ వీధిలో విస్తరి వేసినవారు లేరు. వాని విద్యకు తండ్రియే గురువు, జాతరయే కళాశాల, కూలిపనియే మధుకరము. ఆడపిల్ల సంగతి చెప్పనక్కరలేదు. 1935లో విజయనగరములో పుట్టిన పులపాక సుశీలగారు అదే సంగీత కళాశాలలో చదివి, తరువాత దేశమంతయు మెచ్చిన గాయని కాగలిగినారనిన, న్యాయవాది అయిన తండ్రి కూతురు సంగీతము నేర్చుకొనవలెనని కోరుటయే అందుకు మొదటి కారణము. అట్టి తండ్రి లేని గొంతులు ఎన్ని వంటయింటిలోనే ఆగిపోయినవో! కనుక నేను మధుకరమును తిరిగి తెమ్మని చెప్పుట లేదు. దానిలోని కులమును, చేయి చాచుటలోని చిన్నతనమును తీసివేసి, దానిలోని ధర్మమును మాత్రము నిలుపుకొనవలెనని చెప్పుచున్నాను.

ఇక రెండవ బాలుని కథ. ఇది మొదటిదానికి పూర్తిగా ఎదురు దారి. సాలూరు దగ్గరి శివరామపురములో, 1922లోనే, సాలూరు రాజేశ్వరరావు పుట్టినాడు. సాలూరు 2022 వరకు విజయనగరము జిల్లాలోని ఊరు. ఇప్పుడు పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినది. తండ్రి సన్యాసిరాజుగారు మృదంగ విద్వాంసుడు. అన్న హనుమంతరావుగారు కూడ తరువాత సంగీత దర్శకులైనవారే. ఈ బాలునికి సంగీతము ఇంటిలోనే లభించినది. ఊయలలోనే తాళము వినినాడు. పన్నెండేండ్లు నిండీ నిండకముందే గ్రామఫోను కంపెనీవారు పిలిచి పాడించుకొన్నారు. 1935లో వేల్ పిక్చర్సువారి శ్రీకృష్ణలీలలు చిత్రములో వేమూరి గగ్గయ్యగారు కంసుడుగా గర్జించుచుండగా, ఎదుట నిలిచి పాడిన చిన్నికృష్ణుడు ఈ బాలుడే. ఆంధ్రదేశమంతయు ఆ పిల్లవానిని చూచి ముచ్చటపడినది. మరుసటి సంవత్సరము మాయాబజారు అను మరొక పేరు గల శశిరేఖాపరిణయము చిత్రములో అభిమన్యుడు.

ఘంటసాల జోలె భుజమున వేసుకొని తిరుగక ముందే రాజేశ్వరరావుకు కీర్తి కలిగినది. ఇట్టి బాలునికి సాధారణముగా ఏమి జరుగునో మనకు తెలియును. మీసము మొలచునాటికి గొంతు మారును, ముఖము మారును, పిలుపులు తగ్గును. చిన్ననాటి చప్పట్లు చెవిలో మిగిలి, చేతిలో విద్య లేక, ఆ పిల్లవాడు జీవితాంతము పాత పత్రికలలోని తన బొమ్మలు చూచుకొనుచు కూర్చుండును. రాజేశ్వరరావు అట్లు కాలేదు. ఎందుచేత? అభిమన్యుని వేషము ఆయనను కలకత్తాకు తీసుకొనిపోయినది. అది న్యూ థియేటర్సువారి సంగీతము దేశమునకు తలమానికమై ఉన్న కాలము. వేషము ముగిసినను ఆ బాలుడు వెంటనే తిరిగి రాలేదు. పంకజ్ మల్లిక్, సైగల్ వంటివారి చెంత చేరి, హిందూస్థానీ బాణీని, అనేక వాద్యములను ఒక్కటిగా కూర్చి పలికించు పద్ధతిని పరిశీలించి నేర్చుకొన్నాడు. తెలుగుదేశములో బొమ్మలు అచ్చయిన బాలనటుడు కలకత్తాలో తిరిగి శిష్యుడుగా కూర్చున్నాడు. ఆయన జీవితములో నాకు మిక్కిలి గొప్పగా తోచు ఘట్టము ఇదియే. కృష్ణుని వేషము కాదు. ఆ వేషము విప్పి, నేల మీద శిష్యుడై కూర్చున్న దినములు.

తరువాత 1940లో గూడవల్లి రామబ్రహ్మముగారి ఇల్లాలు చిత్రములో నటించుచు, దానికి సంగీతము కూర్చినారు. క్రమముగా నటన వెనుకకు పోయి సంగీతము నిలిచినది. జెమినీవారి చంద్రలేఖ 1948లో, వాహినీవారి మల్లీశ్వరి 1951లో, మిస్సమ్మ 1955లో వచ్చినవి. కర్ణాటక సంగీతపు పునాది మీద హిందూస్థానీ పోకడను, పాశ్చాత్య వాద్యముల మేళనమును అతుకు తెలియకుండ కూర్చుట ఆయన ప్రత్యేకత. ఆ అతుకు తెలియకపోవుటకు మూలము సాలూరులోని తండ్రి మృదంగము, కలకత్తాలోని శిష్యరికము. వేషమునకు వచ్చిన డబ్బును ఆయన విద్యకు కూడుగా మార్చుకొన్నాడు. జోలె లేకున్నను ఇదియు మధుకరమే.

ఘంటసాల దారి దీనికి వ్యతిరేకము. ఆయనకు విద్య ముందు పూర్తి అయినది. అవకాశము తరువాత వచ్చినది. విజయనగరములో శిక్షణ ముగించుకొని ఊరు చేరిన యువకుడు 1942 ఉద్యమములో పాల్గొని బళ్ళారి దగ్గర అల్లీపురము జైలుకు పోయినాడు. వచ్చి 1944లో వివాహము చేసికొన్నాడు. సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహముతో మద్రాసు చేరినాడు. పగలు స్టూడియోల చుట్టు తిరిగి, రాత్రి పానగల్ పార్కు దగ్గర తలదాచుకొన్న దినములు గడపినాడు. 1944లోని సీతారామ జననము చిత్రములో బృందగానము, చిన్న వేషము. త్యాగయ్యలోను, యోగి వేమనలోను చిన్న చిన్న వేషములు. పాడుటకు పుట్టినవాడు వేషము కట్టి గుంపులో నిలుచుండవలసి వచ్చినది. 1945లో స్వర్గసీమలో భానుమతిగారితో పాడు అవకాశము కలిగినది. 1949లో మనదేశము, కీలుగుఱ్ఱము, 1951లో పాతాళభైరవి. ఆ చిన్న వేషముల సంవత్సరములలో ఆయన కుంగిపోకుండుటకు, అవకాశము వచ్చిన దినమున దానిని జారవిడువకుండుటకు విజయనగరములో నేర్చిన విద్యయే అండ. చేతిలో విద్య ఉన్నవాడు ఎదురుచూడగలడు. లేనివాడు ఎదురుచూచుటకు కూడ తాళలేడు.

ఈ రెండు దారులు 1957లో విచిత్రముగా కలిసినవి. విజయావారి మాయాబజారుకు తొలుత సంగీతము కూర్చుటకు పూనుకొన్నవారు సాలూరు రాజేశ్వరరావుగారే. 1936 నాటి మాయాబజారులో అభిమన్యుడైన బాలుడు, ఇరువదియేండ్ల తరువాత అదే అభిమన్యుడు పాడవలసిన ప్రేమగీతములకు వరుసలు కట్టినాడు. కొన్ని పాటలకు వరుసలు కట్టిన పిమ్మట ఆయన తప్పుకొనగా, ఘంటసాలగారు ఆ వరుసలను అట్లే నిలిపి, వాద్యమేళనము సమకూర్చి, మిగిలిన పాటలను స్వరపరచి చిత్రమును పూర్తి చేసినారు. తొలి వరుసలను మార్చి తన ముద్ర వేసికొనవలెనను తాపత్రయము అందులో కనబడదు. నేటికిని ఆ పాటలు వినువారు ఏది ఎవరిదో గుర్తింపలేరు. సాలూరు మృదంగము, విజయనగరము జోలె ఒకే పాటలో కలిసిపోయినవి. విద్య ఉన్నవారి మధ్య మర్యాద ఎట్లుండునో చెప్పుటకు ఇంతకంటె వేరు పాఠము అక్కరలేదు.

గురుకుటుంబపు కథ కూడ అచ్చటితో ముగియలేదు. సీతారామశాస్త్రిగారి కుమారులు పట్రాయని సంగీతరావుగారు మద్రాసు పోయి, చాల సంవత్సరములు ఘంటసాలగారి సంగీత శాఖలో ఆయనకు తోడు నిలిచినారు. తరువాత వెంపటి చినసత్యముగారి కూచిపూడి నృత్యనాటకములకు సంగీతము కూర్చినారు. నూరేండ్లు నిండిన జీవితము గడపి 2021లో వెళ్ళిపోయినారు. ఒకనాడు తండ్రి ఇచ్చిన నీడ, మరొకనాడు కుమారునికి పనియై తిరిగి వచ్చినది. పాటకు పెట్టిన కూడు వృథా పోదనుటకు వేరు సాక్ష్యమెందుకు?

మూడవ దారి ఒకటి కలదు. అది శ్రీకాకుళము జిల్లా లుకలాము అగ్రహారము నుండి వచ్చిన అన్నదమ్ములది. జె. వి. సోమయాజులుగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగము చేసినారు. తమ్ముడు రమణమూర్తిగారితో కలసి ఏండ్ల తరబడి కన్యాశుల్కము ఆడినారు. తమ్ముడు గిరీశము, అన్న రామప్పపంతులు. 1892లో విజయనగరములో తొలిసారి రంగమెక్కిన నాటకమును, అరువదియేండ్ల తరువాత 1953 మొదలుకొని ఆ సోదరులు ఊరూర తిరిగి బ్రతికించినారు. పగలు కచేరీలో దస్త్రములు, రాత్రి రంగస్థలము. డిప్యూటీ కలెక్టరుగా ఉన్న సోమయాజులుగారిని 1980లో శంకరాభరణము దేశమునకు చూపించినది. ఆయన గాయకుడు కాడు, గాత్రము బాలసుబ్రహ్మణ్యముగారిది. అయినను సంగీత విద్వాంసుడనగా ఇట్లుండునని జనులు ఆ ముఖమునే తలచుకొన్నారు. ఆ కన్నులలోని గాంభీర్యము ఒక్క చిత్రములో వచ్చినది కాదు, పాతికేండ్ల రంగస్థలముది. ఆయనకు కూడు పెట్టినది ప్రభుత్వోద్యోగము. అది కళకు శత్రువు కాలేదు, పోషకుడైనది.

కనుక తండ్రితో ఈ విధముగ చెప్పవలెను: "అయ్యా, తమ కుమారుడు చదువు మానవలెనని మేము చెప్పుట లేదు. చదువు, ఉద్యోగము, పాట ఒకదానికొకటి పగ కావు. ఒకటి మరొకదానికి అన్నము పెట్టగలదు." పిల్లవానితో ఈ విధముగ చెప్పవలెను: "నాయనా, నీకు గొంతున్నది. గొంతు దైవమిచ్చినది, విద్య నీవు సంపాదించవలసినది. ఈ రెండింటికి నడుమ కొన్ని సంవత్సరములున్నవి. వాటిని దాటించు వంతెన ఏదియు లేదు, నడచి పోవలసినదే."

నేటి కాలములో ఈ రెండవ మాట చెప్పుట మరింత అవసరము. పూర్వము పిల్లవానికి వేదిక దొరకుట దుర్లభము. నేడు వేదిక దొరకనివాడు లేడు. చేతిలోని సెల్‌ఫోనే రంగస్థలము. టెలివిజన్ పోటీలలో పదేండ్ల పిల్లలు పెద్దల పాటలు పాడి పెద్దల చేత కన్నీరు పెట్టించుచున్నారు. నేను ఆ పోటీలను నిందింపను. వాని వలన పల్లెటూరి గొంతులు కొన్ని వెలుగులోనికి వచ్చిన మాట నిజము. కాని వేదిక వేరు, విద్య వేరు. చప్పట్లు విద్యకు ముందు వచ్చినచో, రాజేశ్వరరావు వలె వేషము విప్పి శిష్యుడై కూర్చుండు ధైర్యము ఆ పిల్లవానికి ఎవరిత్తురు? కలకత్తాకు పంపువారెవరు? పోటీలో ఓడిన పిల్లవాడు ఏడ్చుచు ఇంటికి పోవును. గెలిచినవాడు కొన్నాళ్ళకు మరుగున పడును. ఇద్దరి సంచిలోను లేనిది ఒక్కటే: నాలుగేండ్ల నిలకడైన శిక్షణ.

ఇక మనమేమి చేయగలము? ఘంటసాలలను తయారుచేయుట ఉపాధ్యాయుని చేతిలో లేదు. గుమ్మము తెరచుట మాత్రము ఆయన చేతిలోనే ఉన్నది. వార్షికోత్సవమునకు మాత్రమే పిల్లవాని గొంతును అరువు తెచ్చుకొని, మిగిలిన సంవత్సరమంతయు దానిని అపరాధముగా చూచుట మానవలెను. ఊరిలో భజన చేయు పెద్ద ఉండవచ్చును; హార్మోనియము వాయించు నాటకాల మేష్టరు ఉండవచ్చును; తప్పెటగుళ్ళ గురువు ఉండవచ్చును. వారమునకు ఒక గంట వారిని బడికి పిలుచుటకు పెద్ద నిధి అక్కరలేదు. పూర్వవిద్యార్థులు కూడి ఒక్క పిల్లవాని బస్సు చార్జీ, ఒక్క పిల్లవాని వసతి భరించినను, అది నేటి మధుకరము. జోలె ఎత్తవలసిన పని లేని మధుకరము. విజయనగరములో ఆ కళాశాల నేటికిని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా నడచుచున్నది. పిల్లవానిని ఒకసారి అచ్చటికి తీసుకొనిపోయి, ఆ గదులలో సాధన చేయు గొంతులను వినిపించుట ఏ ఉపాధ్యాయునికి అసాధ్యము? ఒక్క ప్రయాణమున వానికి తన ఈడువారు ఏమి చేయుచున్నారో తెలియును.

చివరగా ఒక ఆక్షేపణ మిగిలియున్నది. "నూర్గురిని పోషించినచో ఒక్కడు కళాకారుడగును, తొంబదితొమ్మిది మంది సంగతి ఏమి?" న్యాయమైన ప్రశ్నయే. ఆ తొంబదితొమ్మిది మంది వ్యర్థులు కారని నా సమాధానము. వారిలో ఒకడు బడిలో పాట చెప్పును. ఒకడు శ్రీరామనవమి పందిరిలో కీర్తన ఎత్తుకొనును. ఒకడు నాటక సమాజమునకు హార్మోనియము వాయించును. మిగిలినవారు మంచి శ్రోతలగుదురు. మంచి శ్రోతలు లేని ఊరిలో ఏ గాయకుడు పెరుగును? ఆనాడు బాలుని జోలెలో అన్నము వేసిన గృహిణులలో ఎందరికి సంగీతము తెలియునో మనకు తెలియదు. కాని నేర్చుకొనుచున్న పిల్లవాని విలువ తెలిసినవారు వారందరు. అట్టివారు ఉండిన ఊరు కనుకనే అది విద్యల నగరమైనది.

ఈ సంవత్సరము కూడ వార్షికోత్సవము వచ్చును. ఆ పిల్లవాడు ప్రార్థనాగీతము పాడును. చప్పట్లు మోగును. తండ్రి వెనుక వరుసలో నిలుచుండి వినును. వాని కన్ను చెమర్చును. అయినను రాత్రి ఇంటి దగ్గర ఆ ప్రశ్నయే అడుగును. ఆ తండ్రికి సమాధానము పిల్లవాడు చెప్పలేడు. వాని తరపున సమాధానము చెప్పవలసినవారు ఆ సభలో ముందు వరుసలో కూర్చుండి దీవించిన పెద్దలము మనము. దీవెనతో పాటు పిడికెడు మెతుకులు కూడ వేసినప్పుడే ఆ దీవెనకు అర్థము.